అలివేలు మూసుకున్న తలుపు

ముందే ఒప్పుకుంటున్నాను. నేను పెంచి చెబుతాను. మా ఆవిడ పద్మ నా మాటల్లో సగం కోసేసి వింటుంది, మిగిలిన సగాన్ని పక్కింటివాళ్లతో సరిచూసుకుంటుంది. తప్పు నాది కాదు, నా వృత్తిది. నేను సూరత్‌లో పెస్ట్ కంట్రోల్ పని చేస్తాను. ఇళ్లల్లో బొద్దింకలు, చీమలు, చెదలు, నల్లులు లేకుండా చేయడం నా పని. "మీ వంటింట్లో నాలుగు బొద్దింకలున్నాయమ్మా" అని ఉన్నమాట చెబితే ఎవరూ పిలవరు. "మీ సింకు కింద ఒక ఊరుంది, దానికి సర్పంచి కూడా ఉన్నాడు" అనాలి. ఇన్నేళ్లుగా అలా అంటూ అంటూ నా నాలుక ఆ కొలతకే అలవాటు పడిపోయింది. కాబట్టి ఇందులో ఏది మరీ పెద్దగా కనిపించినా మీకు తోచినంత తగ్గించుకోండి. నిజంగా కల్పించిన ముక్క ఒకటుంది. అదేదో చివర్లో నేనే చెబుతాను.

మాది జగిత్యాల దగ్గర పల్లె. మీసం రాకముందే సూరత్‌లోని పాండేసరా మరమగ్గాల మీదికి వచ్చాను. ఆ చప్పుడు ఎంతటిదంటే, మూడేళ్లలో నాకు స్పష్టంగా వినబడిన మాట, పని దిగే వేళ అరిచే "ఛుట్టీ" ఒక్కటే. చెవులు పూర్తిగా పోకముందే బయటపడి, శబ్దం చేయని శత్రువును వెతుక్కున్నాను. అప్పటినుంచి వీపు మీద స్ప్రే ట్యాంకు, భుజాన సంచి, కింద ఒక మోటారు సైకిలు. ఇల్లు బమ్రోలిలో. పని మాత్రం ఊరంతా.

ఇది రెండేళ్ల కిందటి వానాకాలం సంగతి. సూరత్‌లో వానాకాలమంటే మాకు పండగ. నీళ్లు డ్రైనేజీలోకి దిగగానే బొద్దింకలు పెట్టే బేడా సర్దుకుని మేడలెక్కుతాయి. ఆ ఏడాది వాన మొదలయ్యే ముందే ఆల్థాన్‌లో ఒక అపార్ట్‌మెంటు, ఏడో అంతస్తు, ఒక తెలుగువాళ్ల ఇంట్లో జెల్ బెయిట్ పెట్టాను. జెల్ బెయిట్ అంటే సిరంజిలో వచ్చే గోధుమరంగు పేస్టు. కందిగింజంత చుక్కలు అలమరల మూలల్లో, తలుపు బందుల దగ్గర పెడతాం. బొద్దింక దాన్ని తింటుంది. అక్కడికక్కడే చావదు. తీరిగ్గా ఇంటికి వెళ్లి బంధువుల మధ్య చస్తుంది. ఆ శవాన్ని తిన్న బంధువులు కూడా చస్తారు. దీన్ని మా వాళ్లు సెకండరీ కిల్ అంటారు. మందు తిన్నదాన్ని తిన్నది కూడా పోతుందన్నమాట. మా వ్యాపారంలో ఇంతకంటే అందమైన మాట లేదు.

ఆ ఇంటాయన ప్రసాదరావుగారు, హజీరాలో ఒక పెద్ద కర్మాగారంలో ఇంజనీరు. ఇల్లాలు సుభద్రగారు. ఇద్దరిదీ కాకినాడ. నేను వంటిల్లు, హాలు పూర్తి చేసి వెనక పడకగది వైపు వెళ్లబోతే ఆవిడ తలుపుకు అడ్డంగా నిలబడింది.

"ఆ గదిలో ఏమీ లేదండి. అక్కర్లేదు."

అక్కర్లేదన్న గదికి నేనెప్పుడూ బలవంతంగా వెళ్లను. వెళ్లిపోయాను.

నెలా పదిహేను రోజులకు ఆవిడ దగ్గర్నుంచి ఫోను.

"లింగయ్యగారూ, వెంటనే ఒకసారి రావాలండి. చీమలు."

"ఏం చీమలమ్మా? నల్లయా, ఎర్రయా?"

"ఎర్రవి. బారులు తీరి వస్తున్నాయి. కానీ మందు వద్దు."

"మందు వద్దా?"

"మందు వద్దు, స్ప్రే వద్దు, వాసన కూడా వద్దు. మీరు తలంటుకుని, ఉతికిన బట్టలు కట్టుకుని రండి. ఆ పనిచేసే చొక్కా మాత్రం వేసుకురాకండి."

వంటమనిషిని పిలిచి, పొయ్యి ముట్టించొద్దు అన్నట్టుంది. అయినా తలంటుకున్నాను. పెళ్లికి దాచుకున్న చొక్కా తీశాను. పద్మ గుమ్మంలో నిలబడి ఎగాదిగా చూసింది.

"పనికి పొయ్యెటోనికి గిదేం ముస్తాబు? పెండ్లి సూపులకు గిట్ల పోతున్నవా ఏంది?"

"చీమల కోసం పోతున్న."

"చీమలు గుడ నిన్ను జూసి నవ్వుతయ్ పో."

అక్కడికి వెళ్లేసరికి, ఏమీ లేదన్న గదిలో ఒక ఇనుప స్టాండు, దాని మీద గాజు పెట్టె. పెట్టెలో ముప్పాతిక వంతు మట్టి. మట్టి మీద ఒక బెరడు ముక్క, అరచేతిలో పట్టే నీళ్ల గిన్నె. ఇంకేమీ లేదు. నేను అటు తిరిగి చూశాను, ఇటు తిరిగి చూశాను, మోకాళ్ల మీద కూర్చుని కూడా చూశాను.

"దీంట్ల ఏం పెంచుతున్నరమ్మా?"

"అలివేలుని."

"కనబడ్తలేదు గద."

"కనబడదండి. అదే దాని పద్ధతి. మా చెల్లెలు వచ్చి పది నిమిషాలు కళ్లార్పకుండా చూసి, 'అక్కా, మట్టిని బాగా పెంచావే' అని వెళ్లిపోయింది."

అలివేలు అంటే టరాంటులా. పెద్ద సాలీడు. థాయ్‌లాండ్ అడవుల జాతి, నీలం కాళ్లది. చెట్టెక్కదు, గూడల్లదు. నేలలో మూరెడు లోతు బొరియ తవ్వుకుని, గోడలకు పట్టు పూసుకుని, అందులోనే కాపురం. తలుపు దగ్గరికి వచ్చిన పురుగును లోపలికి లాక్కుంటుంది తప్ప గడప దాటి రాదు. చేత్తో పట్టుకుని ముద్దు చేస్తామంటే కుదరదు, కుట్టిందంటే రెండు రోజులు చెయ్యి మనది కాదు. ప్రసాదరావుగారి స్నేహితుడు ఒకాయన బదిలీ మీద ఒడిశా వెళుతూ, అటవీశాఖ కాగితాలతో సహా వీళ్లకు అప్పగించి వెళ్లాడట. ఎంతుంటుందని అడిగితే సుభద్రగారు అరచెయ్యి చాపి చూపించింది. నేను మా బమ్రోలిలో భోజనం పళ్లెమంత అని చెప్పాను. మీరు రెంటికీ మధ్యన ఎక్కడైనా పెట్టుకోండి.

"కుక్కయితే తోక ఆడిస్తది. పిల్లయితే కాళ్లకు సుట్టుకుంటది. ఇదేం జేస్తదమ్మా?"

"ఈ ఇంట్లో సుభద్రా అని పిలవకుండా తన పని తను చేసుకునేది అదొక్కటేనండి."

సరిగ్గా అప్పుడే హాల్లోంచి, "సుభద్రా! నా కళ్లజోడు ఎక్కడ పెట్టావ్?" అని వినిపించింది. ఆవిడ నా వైపు చూసింది. నాకు మరి వివరించనక్కర్లేకపోయింది.

ఇంత ప్రేమగా పెంచుకుంటున్నదాన్ని మొదటిసారి నా దగ్గర ఎందుకు దాచారని అడిగాను. ఆవిడ తలవంచుకుంది. "సొసైటీ వాళ్లకు తెలిస్తే గొడవ చేస్తారని భయం. పైగా మీరు పురుగుల మందు మనిషి కదా. చూడగానే కొట్టేస్తారేమోనని..." పులిని చూసిన మేకలా అంది. నేను అంతటివాణ్నని అప్పుడే తెలిసింది.

చీమలు కిటికీలోంచి దిగి, నేల మీద గీత గీసినట్టు నడిచి, స్టాండు కాలెక్కి, పెట్టె మూత రంధ్రాల్లోంచి లోపలికి దిగుతున్నాయి. లక్ష ఉంటాయి. సరే, రెండు వందలు. సుభద్రగారి చేతిలో చీమల సుద్ద ఉంది. పెట్టె చుట్టూ గీయడానికి వంగింది. నేను ఎగిరి ఆ సుద్ద లాక్కున్నాను.

"అమ్మా, అది గుడ మందే. చీమకు, సాలెపురుగుకు అది తేడా జూడదు. దాని పొడి పెట్టెల పడ్డదంటే సంగతి ఖతం."

నాలుగు స్టీలు గిన్నెలు అడిగాను. పాలగిన్నెను నీళ్ల పళ్లెంలో పెట్టే పద్ధతే, కాకపోతే ఇక్కడ స్టాండు నాలుగు కాళ్లకూ నాలుగు గిన్నెలు. నీళ్లలో రెండేసి చుక్కల అంట్లు తోమే సబ్బు. సబ్బు లేకపోతే చీమలు నీటి మీద ఒకదానిమీద ఒకటి పడవ కట్టుకుని దాటుతాయి. సబ్బు ఉంటే మునుగుతాయి. ప్రసాదరావుగారు స్టాండు ఎత్తి పట్టుకోవడానికి వచ్చి, బరువు ఏ కాలి మీద ఎంత పడుతుందో లెక్క చెబుతుంటే, ఆవిడ "ముందు ఎత్తండి, లెక్క తర్వాత చెబుదురు గాని" అంది. అప్పటికే లోపలికి వెళ్లిన చీమల్ని తడిబట్టతో ఒక్కొక్కటిగా ఏరాను. జీవితంలో మొదటిసారి చీమను చేత్తో ఏరాను. నా స్ప్రే ట్యాంకు చూసి ఉంటే కుళ్లి కుళ్లి ఏడ్చేది.

ఏరుతున్నప్పుడే గమనించాను. చీమలన్నీ ఒకే చోటికి పోతున్నాయి. బెరడు ముక్క పక్కన మట్టీ పట్టూ కలిపి బిరడా వేసినట్టు మూసేసిన గుండ్రటి చోటు ఒకటుంది. దాని అంచుల్లో సందు కోసం వెతుకుతున్నాయి.

"అదేందమ్మా?"

"అదే దాని తలుపు. ఐదు వారాలైంది మూసుకుని." ఆవిడ గొంతు తగ్గింది. "పాము కుబుసం విడిచినట్టు ఇది కూడా పాత చర్మం విడుస్తుందండి. అప్పుడు తిండి మానేసి తలుపు మూసేసుకుంటుంది. లోపల వెల్లకిలా పడుకుని మెల్లగా బయటికొస్తుంది. అప్పుడు ఒళ్లు వెన్నలా ఉంటుంది. ఒక్క చీమ కుట్టినా చాలు."

"మరి లోపల పానం పోయిందనుకోండ్రి. అప్పుడు గుడ తలుపు గిట్లనే ఉంటది గదా?"

"ఉంటుంది."

"మరెట్ల తెలుస్తది?"

"తెలియదండి," అంది సుభద్రగారు.

చీమలు ఊరికే రావని నా వృత్తి నాకు నేర్పింది. మూసిన తలుపు వెనక ఏదో కుళ్లుతుంటేనే అంత పట్టుదలగా వస్తాయి.

చేతులు కడుక్కుంటుంటే ప్రసాదరావుగారు వేలు ఆడించి బాల్కనీలోకి పిలిచారు. తలుపు దగ్గరికి వేశారు.

"లింగయ్యగారూ, మీరు పెట్టిన ఆ జెల్ ఎన్నాళ్లు పనిచేస్తుంది?"

"మూడు నెలలు గ్యారంటీ సార్. మస్తుగ పనిజేస్తది."

ఆయన ముఖం వాడిపోయింది. గ్యారంటీ విని దిగులుపడిన కస్టమరును అదే మొదటిసారి చూడడం.

విషయం ఏమిటంటే, అలివేలుకు ప్రతి పది రోజులకూ బతికున్న చిమ్మెటలు పార్సిల్‌లో వస్తాయి. ఐదు వారాల కిందట ఒకసారి రాలేదు. సుభద్రగారు కూరగాయలకు వెళ్లినప్పుడు, వంటింట్లో నేల మీద ఒక బొద్దింక కనిపించింది. ఈయన దాన్ని గ్లాసు బోర్లించి పట్టి, తీసుకెళ్లి అలివేలు తలుపు ముందు వదిలారు. అది లోపలికి లాక్కుంది. మర్నాడు పొద్దున చూస్తే తలుపు మూసి ఉంది.

"అది ఎట్ల దొరికింది సార్? బొద్దింక గ్లాసుకు దొరుకుడేంది?"

"మెల్లగా నడుస్తోందండి. కొంచెం తూలుతూ."

"తూలుకుంట పొయ్యే బొద్దింకను జూసి మీకు అనుమానం రాలేదా?"

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "నా చురుకుదనం పెరిగిందనుకున్నానయ్యా."

ఆ బొద్దింకను తూలేలా చేసింది నా జెల్. ఆ జెల్ తిన్నదాన్ని తిన్నది ఇప్పుడు తలుపు వెనక ఉంది. ఇన్నాళ్లూ నేను గొప్పగా చెప్పుకున్న సెకండరీ కిల్ గాజు పెట్టెలోకి నడిచి వెళ్లింది. జెల్ పెట్టి, ఇంట్లో ఇంకేమేం బతుకుతున్నాయో అడగకుండా వెళ్లిపోయింది నేను. పెట్టెను దాచింది ఆవిడ. బొద్దింకను వేసింది ఆయన. ముగ్గురం కలిసి చేసిన పనికి మూల్యం చెల్లించేది మాత్రం ఎవరినీ ఏమీ అడగని ఒక్క ప్రాణి.

ఇక్కడ నేను చేసింది రాస్తే సొంత డబ్బా కొట్టుకున్నట్టుంటుంది, అయినా రాస్తాను. బాల్కనీ తలుపు తోసుకుని నేరుగా లోపలికి నడిచాను. సుభద్రగారి ముందు నిలబడి, చేతులు కట్టుకుని, "అమ్మా, తప్పు నాది. సారు వేసిన బొద్దింక నా మందు తిన్నది. అలివేలుకు ఏమైనా అయితే ఆ పాపం నాది" అన్నాను. నా గొంతు వణకలేదు. వెనక ప్రసాదరావుగారు తల దించుకున్నారు. ఆవిడ ఒక నిమిషం నన్నే చూసింది. "నిజం చెప్పారు. అది చాలు," అంది. కిటికీలోంచి ఎండ పడి గదంతా వెలిగింది.

ఆ తర్వాత ఇక చేయగలిగింది ఎదురుచూడడమే. ప్రసాదరావుగారికి ఎదురుచూడడం చేతకాదు. మరుసటి ఆదివారం ఆయన ఒక పొడుగాటి నల్ల తీగ తెచ్చారు. బోరోస్కోపు. తీగ చివర కెమెరా ఉంటుంది, పైపుల్లోకి దింపి లోపల పగుళ్లు చూస్తారు. "రెండు నిమిషాల పని. పక్కనుంచి మట్టిలోకి దింపుతాను. కదులుతుందో లేదో తేలిపోతుంది," అన్నారు. నిజం చెప్పాలంటే నాకూ ప్రాణం లాగింది. సందుల్లోకి టార్చి వేసి చూడడమే నా బతుకు.

సుభద్రగారు పెట్టెకు అడ్డంగా నిలబడి, రెండు చేతులూ నడుం మీద పెట్టుకుంది.

"నేను స్నానం చేస్తుంటే గోడకు కన్నం పెడతారా మీరు?"

"అదీ ఇదీ ఒకటా సుభద్రా?"

"ఒకటే. పోయి ఉంటే ఇవాళ చూసినా పోయినట్టే. బతికుంటే మీరు చూడబట్టి పోతుంది. తీసుకెళ్లండి ఆ తోక."

ఆయన తీగ చుట్టుకున్నారు. ఇంజనీరింగు చదవని మనిషి ఇంజనీరుకు అంత సూటిగా లెక్క చెప్పడం నేనెక్కడా చూడలేదు.

మూడు రోజులకోసారి వెళ్లి గిన్నెల్లో నీళ్లు మార్చేవాణ్ని. ఎవరూ పిలవలేదు. పిలవని ఇంటికి పెస్ట్ కంట్రోల్ మనిషి వెళ్లడం ఈ వృత్తి చరిత్రలో లేదు. ప్రతిసారీ తలంటు, ఉతికిన చొక్కా. మా బమ్రోలిలో సంగతి పాకింది. మా ఊరివాడే రాజేశం, మగ్గం పని చేస్తాడు, ఛాయ్ బండి దగ్గర దొరకబుచ్చుకున్నాడు.

"ఏందే లింగన్నా, పురుగులను సంపెటోడివి, ఒక పురుగు బతకాలని మొక్కుతున్నవట?"

"గది పురుగు గాదురా, సాలెపురుగు. ఎనిమిది కాళ్లుంటయ్."

"కాళ్లు లెక్కవెట్టి మొక్కుతరా? మా ఇంట్ల నల్లులున్నయ్, ఆరే కాళ్లు. జర వాటికి గుడ ఒక దండం బెట్టరాదు."

పద్మ నవ్వలేదు. "గా బిరడ దిక్కు జూసుకుంట గంటలు గంటలు కూసుంటవట. ఇంట్ల నా దిక్కు ఎన్నడన్న గట్ల జూసినవా?" అని అడిగింది.

నిజమే, కూర్చునేవాణ్ని. నా పనిలో కనబడకపోతే పని అయినట్టు. మందు పెట్టిన మూడో రోజున వెళ్లి, ఒక్క బొద్దింకా కనబడకపోతే నవ్వుకుంటూ వస్తాను. ఇక్కడ కనబడకపోతే ఏమీ తెలియనట్టు. రెండేసి గంటలు ఒక మట్టి బిరడాను చూస్తూ గడిపాక తెలిసింది, ఏమీ జరగకపోవడం కూడా చాలా మెల్లగా జరుగుతుందని. సుభద్రగారు నాకూ ప్రసాదరావుగారికీ పెసరట్లు పెట్టి, పక్కన కుర్చీలో కూర్చుని బఠాణీలు ఒలిచేది. వాన కిటికీని కొట్టేది. ఆవిడకూ నాకూ అలివేలుకూ మాటలుండేవి కావు. నాకు ఆ గదిలో హాయిగా ఉండేది. మగ్గాల కాలం నుంచి నా చెవుల్లో మోగుతున్నదేదో అక్కడ ఆగేది.

నెల తిరిగింది. ఒకరోజు మధ్యాహ్నం నవాగామ్‌లో ఒక ఇంట్లో చెదల పనిలో ఉన్నాను. గోడ వారగా నేలకు కన్నాలు వేసి మందు దింపుతాం, దాన్ని డ్రిల్లింగ్ అంటారు. ఫోను మోగింది.

"లింగయ్యగారూ," అంది సుభద్రగారు. "అలివేలు పోయిందండి. తలుపు తెరుచుకుంది. బయట పడి ఉంది."

డ్రిల్లు అక్కడే పడేశాను. ఆ ఇంటివాళ్ల స్నానాలగదిలో నిలువునా నీళ్లు పోసుకుని, ఆ ఇంటాయన బనీను అడిగి వేసుకుని బయల్దేరాను. వానలో నవాగామ్ నుంచి ఆల్థాన్‌కు నాలుగు నిమిషాల్లో చేరాను. మీరు నలభై అనుకోండి.

ప్రసాదరావుగారు పరుగున ఇంటికొచ్చి, యూనిఫారం విప్పకుండా నిలబడి ఉన్నారు. చేతిలో బూట్ల డబ్బా. అందులో తెల్ల గుడ్డ పరిచారు. కింద సొసైటీ తోటలో ఎక్కడ పూడ్చాలో కూడా చూసి వచ్చారట. సుభద్రగారు కుర్చీలో కూర్చుని ఉంది. ఏడవడం లేదు. చేతుల్లో ఏమీ లేనప్పుడు వాటిని ఏం చేసుకోవాలో తెలియనట్టు ఒళ్లో పెట్టుకుంది.

"మీరు తీయండి. మా వల్ల కాలేదు," అన్నారాయన.

బొరియ నోరు తెరుచుకుని ఉంది. దాని ముందు అలివేలు. గోధుమరంగు, ఎనిమిది కాళ్లూ నాలుగు వైపులా చాపుకుని, దుమ్ము కొట్టుకుపోయి. ఆ వంటింటి మూలల్లో నా చేత్తో పెట్టిన చుక్కలు గుర్తొచ్చాయి. నా పొడుగాటి పట్టకారు తీశాను. అలమరల వెనక చచ్చిన బల్లుల్ని తీసే పట్టకారు అది. దాంతో నడుము దగ్గర పట్టుకుని ఎత్తాను.

చెయ్యి ఊరికే పైకి లేచిపోయింది. బరువే లేదు.

నేను ఇన్నేళ్లలో ఎన్ని శవాలు ఎత్తానో నా పట్టకారుకు తెలుసు. చచ్చిన సాలీడు కాళ్లన్నీ కడుపు కిందికి ముడుచుకుంటుంది, పిడికిలి మూసినట్టు. ఇది చాపుకుని ఉంది. టార్చి వేశాను. వీపు మీద తలభాగం డబ్బా మూతలా పైకి తెరుచుకుని ఉంది. లోపల ఖాళీ. ఇలాంటిది నేను ప్రతి వంటింట్లో చూస్తాను, కాకపోతే వేలిగోరంత. బొద్దింక పిల్లలు పెరుగుతూ వదిలేసే పాత తొడుగులు సింకు కింద ఎన్ని ఉంటే, ఆ ఇంట్లో బొద్దింకలు అంతగా పెరుగుతున్నట్టు. మేం పని మొదలుపెట్టే ముందు చూసే మొదటి గుర్తు అదే.

"అమ్మా," అన్నాను. "ఇది అలివేలు గాదు."

ఆవిడ తలెత్తింది.

"ఇది అలివేలు ఇడిసిన రవిక."

ప్రసాదరావుగారి చేతిలోంచి బూట్ల డబ్బా జారింది. సుభద్రగారు లేచి వచ్చి గాజుకు ముఖం ఆనించింది. టార్చి బొరియలోకి తిప్పాను. లోపల, చీకటి అంచున, ఒక కాలు. దాని వెనక ఇంకొకటి. కొత్త పెళ్లి చీర మడతలా నీలం. అంత నీలం నేను సూరత్ చీరల మార్కెట్టులో కూడా చూడలేదు, దీనికి తగ్గింపు అక్కర్లేదు. వెలుతురు పడగానే విసుక్కున్నట్టు లోపలికి వెళ్లిపోయింది.

పట్టకారుతో ఆ తొడుగును పక్కకు తీసి పెడుతుంటే, దాని కింద ఇంకొకటి దొరికింది. ఇల్లు ఊడ్చుకుని చెత్త బయట పోసినట్టు అది కూడా బయటికి తోసేసింది. ఒక బొద్దింక. ఎండిపోయి, నల్లబడి, ఆరు కాళ్లూ రెండు మీసాలూ చెక్కుచెదరకుండా. అలివేలు దాన్ని ముట్టుకోనేలేదు. తలుపు మూసుకునే ముందు తిండి మానేసింది కదా. ఆయన బొద్దింకను వదిలిన రోజుకే దానికి ఆకలి పోయింది. అలవాటు కొద్దీ లోపలికి లాక్కుంది, తినకుండా మూలన పడేసింది. చీమలు వచ్చింది ఈ శవం కోసం. నా మందు గడప దాకా వెళ్లి, తినేవాళ్లు లేక కూర్చుండిపోయింది.

ఆ రోజు ఆ ఇంట్లో రెండుసార్లు టీ తాగాను. ఇంటికి వస్తూ దారి పొడుగునా ఎవరికో ఒకరికి ఫోను చేసి చెబుతూనే ఉన్నాను. బమ్రోలి చేరేసరికి అలివేలు కాళ్లు పన్నెండయ్యాయి.

అప్పటినుంచి ఏ ఇంట్లోనైనా మందు కలిపే ముందు ఒక ప్రశ్న అడుగుతాను. "ఈ ఇంట్లో మీరు కాక ఇంకెవరుంటారు?" చాలామంది అత్తగారి పేరు చెబుతారు. అప్పుడు అన్ని గదులూ తిరుగుతాను, తలుపు వేసి ఉన్న గది దగ్గర ముందు ఆగుతాను. అలా ఒక ఇంట్లో స్నానాలగది బకెట్లో తాబేలు, ఇంకో ఇంట్లో మంచం కింద తేనెటీగల పెట్టె, ఒక పెద్దాయన గదిలో పేరు పెట్టి పిలిచే రెండు బల్లులు కనబడ్డాయి. బల్లులకు ఆయనెవరో తెలుసో లేదో కానీ, వాటి ముందు మందు పేరెత్తొద్దని నన్ను బయటికి తీసుకెళ్లి మాట్లాడాడు. ఆ బల్లుల కోసం ఆ గదిలో జెల్ పెట్టలేదు. పని తగ్గింది, అయినా ఆ రోజు హాయిగా నిద్రపట్టింది.

ఇప్పుడు మాటిచ్చిన ముక్క.

అలివేలు నిజం, నీలం నిజం, బోరోస్కోపు నిజం, అడిగి వేసుకున్న బనీను కూడా నిజం. కల్పించింది ఒక్కటే. బాల్కనీ తలుపు తోసుకుని, చేతులు కట్టుకుని, సుభద్రగారికి నిజం చెప్పానన్న చోటు. అలాంటిదేమీ జరగలేదు. నేను చెప్పలేదు. ప్రసాదరావుగారు కూడా చెప్పలేదు. ఇద్దరం బాల్కనీలోంచి వచ్చి, వానలు ఈసారి బాగానే ఉన్నాయని మాట్లాడుకున్నాం. యాభై దగ్గరపడ్డ ఇద్దరు మగవాళ్లం నెల రోజుల పాటు నోరు మూసుకుని ఉన్నాం. అలివేలు కంటే గట్టిగా మూసుకున్నాం.

బయటపడింది పట్టకారులో బొద్దింక వచ్చినప్పుడే. ఆవిడ దాన్ని చూసి, "ఇదెవరు వేశారు?" అని అడిగింది. ఆయన నా వైపు చూశారు. నేను ఆయన వైపు చూశాను. అప్పుడు చెప్పాం, ఒకరి మాట ఒకరు మింగుతూ, మొత్తం చెప్పాం. ఆవిడ అరవలేదు. అరిచి ఉంటే బాగుండేది.

"నీళ్లు ఎక్కువ పోశానేమో, తడికి ఊపిరాడక పోయిందేమో, నేనే చంపానేమో అని నెల రోజులుగా ఏడుస్తున్నాను. మీరిద్దరూ నా ఎదురుగా కూర్చుని పెసరట్లు తిన్నారు," అంది.

అందుకే ఇప్పుడు ప్రశ్న అడగడంతో ఆపను. నా మందు ఏం చేస్తుందో, ఎంత దూరం వెళుతుందో, ఎవరూ అడగకముందే చెప్పేస్తాను. ఉన్నదున్నట్టు, ఒక్క చుక్క కూడా పెంచకుండా. కొంతమంది బెదిరి వద్దంటారు. అననీ.

అలివేలు బాగుంది. ఈ వానాకాలం కూడా తలుపు మూసుకుంది. నేను వెళ్లి గిన్నెల్లో నీళ్లు మార్చి వస్తున్నాను. సుభద్రగారు టీ ఇస్తోంది. పెసరట్లు ఇంకా మొదలవలేదు.